తీసివేసిన దీపము

ధ్యాన భాగము: యిర్మీయా 36వ అధ్యాయము



పసుపు తవ్వి, కొమ్ములు ఉడుకబెట్టు దినములలో ఆర్మూరు చుట్టుప్రక్కల ఏ పల్లెకు పోయినను ఆ వాసనయే మనకు ఎదురువచ్చును. కడాయి ప్రక్కన నిలుచున్న రైతు గడియారము చూడడు. నురుగు పైకి వచ్చెనా, తెల్లని ఆవిరి లేచెనా, వాసన మారెనా అని చూచును. పిమ్మట ఒక కొమ్మును తీసి పుల్ల గ్రుచ్చును. పుల్ల సుళువుగా దిగినయెడల మంట ఆపును. ఎక్కువ ఉడికినయెడల రంగు చెడును, తక్కువ ఉడికినయెడల కొమ్ము పెళుసగును. తొమ్మిది నెలల కష్టము ఆ ఒక్క గురుతు మీద ఆధారపడియున్నది. గనుక ఏ రైతును ఆ గురుతును చూచి విసుగుకొనడు.

కడాయి చెప్పిన మాటను ఇంత శ్రద్ధగా వినెడి మనము మరియొక గురుతును ఎట్లు త్రోసివేసితిమో, దానివలన ఏమి జరిగెనో ఈ మాసము మీతో చెప్పవలెనని కోరుచున్నాము. ఇది మా తప్పిదమును గూర్చిన మాట. మీలో ఎవరికైనను మేలగునేమోయని దాచక వ్రాయుచున్నాము.

2005లో 108 అంబులెన్సు బండ్లు మొదలగుటకు ముందు జరిగిన సంగతి యిది. మా సంఘములోని ఒక సహోదరునికి పాత అంబాసిడరు కారు ఒకటి యుండెను. ఆ బండ్లను మీలో పెద్దవారు ఎరుగుదురు. ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డు బండిని మాదిరిగా తీసికొని, 1958 మొదలు 2014 వరకు బెంగాలులోని ఉత్తరపారలో వాటిని తయారుచేసిరి. ఇది పెట్రోలు బండి. పెండ్లికైనను, సమాధి కార్యక్రమమునకైనను, రోగిని ఆసుపత్రికి చేర్చుటకైనను చుట్టుప్రక్కల నాలుగు పల్లెలకు అదే దిక్కు. మేమును ఆదివారము ఒక పల్లెనుండి మరియొక పల్లెకు ఆరాధన నిమిత్తము అందులోనే పోవుచుంటిమి.

ఆ బండిలో నడుపువాని ముందర చిన్న దీపములు రెండు ఉండెను. ఒకటి ఇంజనుకు ఆయిలు సరిగా అందనప్పుడు వెలుగును. రెండవది బ్యాటరీకి కరెంటు ఎక్కనప్పుడు వెలుగును. ఒక ఆదివారము మేము ముందు సీటులో కూర్చుండి చూడగా ఆయిలు దీపము కనబడలేదు. దాని చోట చీకటి తొర్ర మాత్రమే యుండెను. "ఏమాయెను?" అని డ్రైవరును అడిగితిమి. అతడు నవ్వి, "అయ్యగారూ, పదిహేను దినాల సంది అది మినుకుమినుకుమని వెలుగుతున్నది. చూస్తుంటే మనసున పడుతలేదు. అందుకే బల్బు తీసేసిన" అనెను. మేమును నవ్వితిమి. "పోనీలే" అంటిమి. ఆ "పోనీలే" అను మాట ఈనాటికిని మా చెవులలో మ్రోగుచున్నది.

అటుతరువాత నాలుగు దినములకు, రాత్రి పదకొండు గంటలప్పుడు, మా సంఘపు బిడ్డ యొకతెకు తొలి కాన్పు నొప్పులు వచ్చెను. మంత్రసాని చూచి, బిడ్డ అడ్డము తిరిగియున్నది, నిజామాబాదుకు తీసికొనిపొండని చెప్పెను. ఆమెను, ఆమె తల్లిని ఆ కారులో ఎక్కించితిమి. మేమును ఎక్కితిమి. ఆర్మూరునుండి నిజామాబాదుకు సుమారు 25 కిలోమీటర్లు. ఇప్పుడు దానిని 63వ నంబరు జాతీయ రహదారి అందురు. సగము దారి పోయితిమో లేదో, ఇంజనులో సుత్తెతో కొట్టినట్లు చప్పుడు లేచెను. రెండు నిమిషములకు బండి గుంజుకొనిపోయి నిలిచిపోయెను. మరి కదలలేదు. ఇంజను పట్టివేసినది.

ఆ చీకటిలో ఆ బిడ్డ మూలుగు వినుచు రోడ్డుమీద నిలుచుంటిమి. ప్రార్థన చేయుటకు నోరు రాలేదు. నాలుగు దినముల క్రిందట నవ్విన నోరే అది. కొంతసేపటికి పసుపు బస్తాల లారీ యొకటి వెనుకనుండి వచ్చెను. డ్రైవరు ఆపి, క్లీనరును బస్తాలమీదికి ఎక్కించి, తల్లీకూతుళ్లకు ముందు చోటు ఇచ్చెను. వారు మన మతస్థులు కారు, మన పరిచయస్థులును కారు. గాయపడిన వానిని తన పశువుమీద ఎక్కించిన సమరయుని మనకు ఆ రాత్రి లారీలో పంపిన దేవునికి స్తోత్రము. తెల్లవారకముందే ఆపరేషను జరిగి తల్లియు బిడ్డయు బ్రదికిరి. ప్రియులారా, వారు బ్రదికిరి గనుక ఈ మాట వ్రాయగలుగుచున్నాము. ఆ లారీ రాకపోయినయెడల ఏ ముఖముతో ప్రసంగపు బల్ల యెదుట నిలిచి యుందుమో మాకు తెలియదు.

మరునాడు ఆర్మూరులోని ఒక ముసలి మేస్త్రి ఆ ఇంజనును విప్పెను. ఆయిలు అడుగంటియుండెను, బేరింగులు కాలి అరిగియుండెను. ఆయన మా వైపు చూచి ఒక్క మాట అనెను: "అయ్యా, లైటు తీసిన్రు గని, ఆయిలు పొయ్యలే."

మేము అనేక సంవత్సరములుగా ప్రసంగములు చేసితిమి. అంత పొట్టి ప్రసంగము ఎన్నడును చేయలేదు.

ఆ మాట వినగానే మాకు యూదా రాజైన యెహోయాకీము జ్ఞాపకము వచ్చెను. చలికాలము. రాజు తన శీతకాలపు నగరులో కుంపటి యెదుట కూర్చుండెను. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను యెహూది అనువాడు చదువుచుండెను. ఆ చుట్టలో యెహోవా హెచ్చరిక యున్నది. ప్రజలు తమ దుర్మార్గము విడిచినయెడల వారి దోషమును క్షమించుటకే దేవుడు దానిని వ్రాయించెను. అయితే మూడు నాలుగు పుటలు చదువగానే రాజు చాకుతో కోసి వాటిని కుంపటిలో వేసెను. అట్లు చుట్ట అంతయు కాలిపోయెను. కాల్చవద్దని ముగ్గురు ప్రధానులు బ్రతిమాలిరి గాని అతడు వినలేదు. భయపడలేదు, బట్టలు చింపుకొనలేదు.

రాజు ఏమి కాల్చెను? కాగితమును కాల్చెను. బబులోను సైన్యమును కాల్చెనా? రాబోవు తీర్పును కాల్చెనా? లేదు. చుట్ట పోయెను గాని అందులోని సంగతి పోలేదు. దేవుడు మరియొక చుట్ట వ్రాయించెను. మొదటి మాటలన్నియు వ్రాయించి, అటువంటివి మరి అనేకములు చేర్పించెను. దీపము తీసినవాడు అపాయమును తీయలేడు. అపాయము తనను చూచుటకు తనకున్న కన్నును మాత్రమే తీసికొనును.

ఇంజను బాగుచేయుచున్న దినములలో మేము ఆ మేస్త్రి యొద్ద కూర్చుండి ఆ దీపముల మర్మమును అడిగి తెలిసికొంటిమి. పాత బండ్లు గలవారికి అక్కరకు వచ్చును గనుక వాటిని చెప్పుచు, మన ఆత్మలకు వర్తించుదానిని కూడ చెప్పెదము.

మొదటిది. తాళపుచెవి త్రిప్పినప్పుడు, ఇంజను ఇంకను మొదలు కాకమునుపు, ఆ రెండు దీపములును వెలుగవలెను. ఇంజను మొదలైన వెంటనే రెండును ఆరవలెను. తాళపుచెవి త్రిప్పినప్పుడే దీపము వెలుగనియెడల, అంతయు క్షేమమని తలంచరాదు. బల్బు కాలిపోయియుండవచ్చును, తీగ తెగియుండవచ్చును. అది సమాధానము కాదు, మూగతనము. మనస్సాక్షియు అట్టిదే. ఒకప్పుడు అబద్ధమాడిన రాత్రి నిద్ర పట్టకుండెడిది. ఇప్పుడు హాయిగా నిద్ర పట్టుచున్నది. మనము నీతిమంతులమైతిమా? లేక, అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసినట్లు, మన మనస్సాక్షి వాత వేయబడి మొద్దుబారినదా? దినమునకొకసారి, ఉదయమున బయలుదేరక మునుపు, ఆ దీపము వెలుగుచున్నదో లేదో చూచుకొనుట మంచిది.

రెండవది. బండి నడుచుచుండగా ఆయిలు దీపము వెలిగినయెడల వెంటనే ప్రక్కకు ఆపి ఇంజను ఆర్పవలెను. ఊరు చేరిన తరువాత చూతమనరాదు. కొంతసేపు చల్లారనిచ్చి, కొలతపుల్ల తీసి తుడిచి, మరల పెట్టి తీసి, ఆయిలు మట్టమును చూడవలెను. తక్కువైనయెడల పోయవలెను, ఎక్కడ కారుచున్నదో వెదకవలెను. బ్యాటరీ దీపము వెలిగినయెడల మొదట ఫ్యాన్ బెల్టును చూడవలెను. ఆ బెల్టు డైనమోను మాత్రమే గాక, ఈ బండ్లలో ఇంజనును చల్లార్చు నీళ్ల పంపును కూడ త్రిప్పును. అది తెగినయెడల బ్యాటరీ తగ్గుటయే గాక ఇంజను మరిగిపోవును. బెల్టు వదులైనను దీపము వెలుగవచ్చును. బొటనవ్రేలితో నొక్కినప్పుడు అరంగుళము మాత్రమే లోపలికి పోవలెను. ఇట్లు ఒక చిన్న దీపము వెనుక రెండు మూడు అపాయములు దాగియుండును. ఇంట చిన్న అప్పును గూర్చి భార్య పెట్టు పోరు అప్పును గూర్చినదే కాకపోవచ్చును; దాని వెనుక త్రాగుడు ఉండవచ్చును, బిడ్డ చదువు ఆగిపోవుట యుండవచ్చును.

మూడవది మిక్కిలి ఆశ్చర్యమైనది. తరువాతి కాలపు బండ్లలో డైనమోకు బదులు ఆల్టర్నేటరు పెట్టిరి. అట్టి బండ్లు అనేకములలో, ఆ చిన్న దీపము గుండ పోవు కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటరును మేల్కొలుపును. బల్బు కాలినయెడల ఆల్టర్నేటరు మేల్కొనకయే పోవచ్చును. చూచితిరా? దీపము వార్త చెప్పు సేవకుడు మాత్రమే కాదు. బలము పుట్టుటకే అది యొక సాధనము. హెచ్చరించు మాటను సంఘములోనుండి తీసివేసినయెడల నెమ్మది కలుగునని తలంతుము గాని, సంఘపు బలమే మెల్లమెల్లగా దిగిపోవును.

నాలుగవది. దీపము కొన్నిసార్లు తప్పుగా వెలుగుట కద్దు. ఆయిలు స్విచ్చికి పోవు తీగ ఎక్కడనో ఒరిసి ఇనుమునకు తగిలినను అది వెలుగును. ఇంజను ఆర్పి, ఆ తీగను స్విచ్చినుండి విడదీసి తాళపుచెవి త్రిప్పి చూడవలెను. అప్పటికిని దీపము ఆరనియెడల దోషము తీగలో నున్నది. ఆరినయెడల స్విచ్చిలోనైనను, నిజముగా ఆయిలు ఒత్తిడిలోనైనను లోపమున్నది. దానిని గేజి పెట్టి తేల్చవలెను. తేలువరకు అపాయము నిజమేయని యెంచవలెను. ప్రతి ఆత్మను నమ్మక పరీక్షించుడని యోహాను బోధించెను. పరీక్షించుడని చెప్పెను గాని, నోరు మూయుడని చెప్పలేదు.

ఈ నాలుగవ మాట వినినప్పుడు మా గుండెలో ముల్లు గ్రుచ్చుకొనెను. ఏలయనగా బండిలోనే గాక మా సంఘములో కూడ ఒక దీపము తీసివేయబడియుండెను, దానిని తీసినది మేమే.

ఆ సంవత్సరము కోత కానుకలుగా విశ్వాసులు పసుపు కొమ్ములు తెచ్చిరి. వాటిని బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెటు యార్డులో అమ్మించితిమి. కొన్ని వారముల తరువాత ఆరాధన ముగియగా ఒక విధవరాలు లేచి, "అయ్యగారూ, మన పసుపు ఎంతకు పోయింది?" అని అడిగెను. ఆమె కూలి చేసికొని బ్రదుకునది. రెండు శేర్ల పసుపు తెచ్చి యిచ్చినది. పెద్దలు ముఖము చిట్లించిరి. మేము, "అమ్మా, ఇది దేవుని మందిరము, లెక్కల తావు కాదు, కూర్చుండుము" అంటిమి. ఆమె కూర్చుండెను. తరువాతి ఆదివారము నుండి వెనుక వరుసలోనికి పోయెను. పిమ్మట రెండు ఆదివారములు రానేలేదు. మాకు నెమ్మదిగా నుండెను. బల్బు తీసిన డ్రైవరుకును అట్లే నెమ్మదిగా నుండెను గదా!

లెక్క చూడవలెనని నిశ్చయించుకొంటిమి. అయితే ఎట్లు చూడవలెను? గుసగుసలు మొదలు కాగానే కొందరు, మందిరము ఊడ్చు బీద సహోదరుని వైపు వ్రేలు చూపిరి. బస్తాలు అతని కాపుదలలోనే యుండెనని వారి వాదము. ఇక్కడ కూడ మేస్త్రి చూపిన దారియే మాకు సాయపడెను.

ఇంజను బాగైన తరువాత ఒక వాన ఉదయమున ఆ బండి మరల మొరాయించెను. సెల్ఫు తిరుగుచున్నది గాని ఇంజను అందుకొనుట లేదు. డ్రైవరు, "ప్లగ్గులు పోయినయి, నాలుగూ మార్చాలె" అనెను. మేస్త్రి తల ఊపెను. "మొదటినుంచి రా బిడ్డా. అందరికంటె చివర ఉన్నోని మీద నింద ఎయ్యకు" అనెను.

పెట్రోలు బండిలో నిప్పురవ్వ నడచు త్రోవ యిది. 12 వోల్టుల బ్యాటరీనుండి కరెంటు తాళము గుండ కాయిలులోనికి పోవును. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు తెరచుకొనగానే కాయిలులో వేలకొలది వోల్టుల బలము పుట్టును. దానిని రోటరు ఒక్కొక్క ప్లగ్గుకు వరుసగా పంచును. ఈ బండిలో ఆ వరుస 1, 3, 4, 2. కండెన్సరు పాయింట్లు కాలకుండ కాపాడును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు నాలుగు ప్లగ్గులలో కలిసి నిమిషమునకు 6000 రవ్వలు పుట్టవలెను. డీజిలు బండ్లకు ఈ ప్లగ్గులు లేవు.

మేస్త్రి మొదట బ్యాటరీ కొనలు చూచెను. తెల్లని పచ్చని పొడి పట్టియుండగా వేడినీళ్లతో కడిగి బిగించెను. తరువాత పెట్రోలు డబ్బాను దూరముగా పెట్టించి, మందపు రబ్బరు తొడుగు గల పటకారుతో ప్లగ్గు తీగ కొనను ఇంజను ఇనుమునకు దగ్గరగా పట్టి, సెల్ఫు కొట్టించెను. రవ్వ లేదు. కాయిలునుండి వచ్చు నడిమి తీగను అట్లే చూచెను. అక్కడ మంచి నీలిరవ్వ లేచెను. అనగా బ్యాటరీ, కాయిలు, పాయింట్లు, కండెన్సరు తమ పని చేయుచున్నవి. అక్కడికిని ప్లగ్గుకును నడుమనే దోషమున్నది. నడిమి తీగలోనే రవ్వ లేనియెడల పాయింట్లను, కండెన్సరును, కాయిలును చూడవలసి యుండును. డిస్ట్రిబ్యూటరు మూత విప్పగా లోపల చెమ్మ పట్టియుండెను. పొడిగుడ్డతో తుడిచెను. పాయింట్ల ఎడము మిల్లీమీటరులో 0.35 నుండి 0.40 లోపల నున్నదా, ప్లగ్గు ఎడము సుమారు 0.6 ఉన్నదా అని రేకులతో కొలిచి చూచి మూత పెట్టెను. బండి మొదటి త్రిప్పుకే అందుకొనెను. నాలుగు ప్లగ్గులును నిర్దోషులు!

ఆ త్రోవనే మేము లెక్కలో నడచితిమి. మనుష్యుల ముఖములు చూడక, పసుపు నడచిన దారిని చూచితిమి. ఏ ఇంటినుండి ఎంత వచ్చెను? పదకొండు బస్తాలు నిండెను. బండికి ఎన్ని ఎత్తిరి? పదకొండే. కమీషన్ ఏజెంటు ఇచ్చిన తక్‌పట్టీలో ఎన్ని? అక్కడను పదకొండే. సంఘపు పుస్తకములో ఎన్ని? పది. అనగా మందిరము ఊడ్చు సహోదరుడు నిర్దోషి. తక్‌పట్టీకిని పుస్తకమునకును నడుమ చెమ్మ పట్టియున్నది. ఆ రాత్రి మా పెద్దలలో నొకరు మా యింటికి వచ్చి ఏడ్చిరి. కూలీలకు ఇయ్యవలసి ఒక బస్తా సొమ్ము వాడుకొంటిననియు, తిరిగి పెట్టవలెనని తలంచి జాప్యము చేసితిననియు ఒప్పుకొనిరి. తరువాత ఆ సొమ్ము చెల్లించిరి. దావీదు నాతాను మాట విని, "నేను పాపము చేసితిని" అని ఒప్పుకొనినట్లే ఆయనయు ఒప్పుకొనెను. యెహోయాకీమునకును దావీదునకును భేదము ఇదియే. ఇద్దరును పాపులే. ఇద్దరికిని దీపము వెలిగెను. ఒకడు చాకు తీసెను, ఒకడు తల వంచెను.

అయితే ఆ పెద్ద తప్పు కంటె మా తప్పు చిన్నది కాదు. మేము ఆ విధవరాలి గుడిసెకు పోయితిమి. తరువాత సంఘము ముందర కూడ ఆమెను క్షమాపణ అడిగితిమి. ఆమె ఏమనెనో వినుడి: "అయ్యగారూ, దొంగ ఎవరని నేను అడగలే. ఎంత వచ్చిందనే అడిగిన. నా రెండు శేర్లు దేవునికి చేరినయా అని తెలుసుకోవద్దా?" ఆమె మాటలో నింద లేదు, ప్రేమయే యున్నది. దీపము మన శత్రువు కాదు. ఇంజను బ్రదుకవలెనని కోరునది అదియే.

ప్రియులారా, పదిమంది కన్యకలలో బుద్ధిలేని అయిదుగురికి దీపములు లేవా? ఉండెను. నూనెయే లేదు. అర్ధరాత్రి వరకు ఆ లోటు వారికి తెలియలేదు. పగటి వేళ సిద్దెలను చూచుకొనియున్నయెడల అంగడికి పోయి కొనుక్కొనుటకు సమయముండెడిది. మనకింకను పగలున్నది. ఈ మాసము మీ యింటిలో ఒక రాత్రి కూర్చుండి ఆలోచించుడి: నిజము చెప్పినందుకు మేము ఎవరి నోరు మూయించితిమి? కొడుకునా? కోడలినా? జీతగానినా? పోయి వారిని అడుగుడి. వారు చెప్పినది పరీక్షించుడి. నిజమైనయెడల ఆయిలు పోయుడి. తప్పైనయెడల తీగను సరిచేయుడి. ఏది చేసినను బల్బును మాత్రము తీయకుడి.

ఆ రాత్రి పుట్టిన బిడ్డ ఇప్పుడు పెద్దదైనది. ఆమెను చూచినప్పుడెల్ల మాకు ఆ చీకటి రోడ్డు కనబడును, దేవుని కనికరమును కనబడును.

ప్రార్థన: ప్రభువా, మా హృదయములను పరిశోధించుము. మేము ఆర్పివేసిన దీపములను మరల వెలిగించుము. మాకు నచ్చని నోటితో నీవు మాటలాడినప్పుడు వినుటకు చెవులనిమ్ము. మా నిర్లక్ష్యమువలన ఇతరుల బిడ్డలు అపాయములో పడకుండ మమ్మును మెలకువగా నుంచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.